కత్తి మీద రెండు లెక్కలు: మంత్రాయుధాలను మెరుగుపరిచే నియమాలపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర ధరించి, పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో గాని, దాని నుంచి పుట్టిన పాత్‌ఫైండర్ ఆటలో గాని, ఒక పాత్ర చేతిలో ఇప్పటికే ఉన్న మంత్రాయుధాన్ని మరింత శక్తిమంతంగా మార్చాలంటే ఎంత ఖర్చవుతుంది, ఎవరు చేయగలరు, ఎన్నాళ్లు పడుతుంది, పెట్టిన ఖర్చుకు పోరాటంలో దక్కేది ఏమిటి అన్నవే ఈరోజు నా ప్రసంగ విషయాలు. 2000లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌ను విడుదల చేసింది. 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ దానిని సవరించింది. 2009లో పైజో సంస్థ తెచ్చిన పాత్‌ఫైండర్ ఈ ఆయుధ నియమాలను చాలావరకు యథాతథంగా తీసుకుంది. కాబట్టి నేను చెప్పబోయే లెక్కలు ప్రధానంగా ఈ కుటుంబానికి చెందినవి. తేడా ఉన్నచోట ఏ ఆటలో ఎలా ఉందో విడిగా చెబుతాను.

ఈ నియమం కష్టంగా కనిపించడానికి కారణం ఒకటే అని నా నమ్మకం. ఆయుధం మీద రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి. వాటిలో మొదటిది పాచిక వేసేటప్పుడు పనికొస్తుంది, రెండోది వెల కట్టేటప్పుడు పనికొస్తుంది. చాలామంది ఆటగాళ్లు ఈ రెండింటినీ ఒకటిగా భావించి మాట్లాడతారు, అక్కడి నుంచే వాదనలన్నీ మొదలవుతాయి.

అంకెల కన్నా ముందు ఆయుధం గురించి ఒక మాట చెప్పాలి. మంత్రశక్తి పొందాలంటే ఆయుధం మాస్టర్‌వర్క్ అయి ఉండాలి, అంటే సాధారణమైన పనితనానికి మించిన నైపుణ్యంతో తయారైనదై ఉండాలి. ఇందుకు మామూలు ధర మీద అదనంగా 300 బంగారు నాణేలు అవుతాయి. లాంగ్‌సోర్డ్ ధర 15 నాణేలు కాబట్టి, మాస్టర్‌వర్క్ లాంగ్‌సోర్డ్ 315 నాణేలు. దీనివల్ల దాడి పాచికకు, అంటే దెబ్బ తగిలిందా లేదా తేల్చే పాచికకు, +1 కలుస్తుంది, దెబ్బ తీవ్రతకు ఏమీ కలవదు. తరువాత కత్తికి మంత్రశక్తి వచ్చినప్పుడు ఆ బోనస్, మంత్రం ఇచ్చే బోనస్ ఒకదానిపై ఒకటి చేరవు, రెండింటిలో పెద్దదే లెక్కకు వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మాస్టర్‌వర్క్ గుణం తయారీలోనే రావాలి, పూర్తయిన మామూలు కత్తికి దానిని తరువాత చేర్చడం 3.5 నియమాల ప్రకారం కుదరదు. తాతగారి కత్తి పట్టుకుని ఇల్లు వదిలాను అని తన పాత్ర కథ రాసుకున్న ఆటగాడికి ఇది బాధ కలిగించే నియమమే. పాత్‌ఫైండర్‌లో మాస్టర్‌వర్క్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే మంత్రం తరువాత వచ్చి ఈ లోటు తీర్చింది. 3.5 ఆడేవారు ఆ కత్తిని మొదటి రోజే మాస్టర్‌వర్క్‌గా రాసుకోనివ్వమని డంజన్ మాస్టర్‌ను, అంటే ఆటను నడిపించే వ్యక్తిని, అడగడం మంచిది. ఆట సమతుల్యం 300 నాణేలతో చెడిపోదు.

ఇప్పుడు ఆ రెండు అంకెల సంగతి చూద్దాం. మొదటిది ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్. ఇది +1 నుంచి +5 వరకు ఉంటుంది, దాడి పాచికకూ దెబ్బ తీవ్రతకూ కలుస్తుంది. కత్తి గట్టిదనాన్ని కూడా ఇదే పెంచుతుంది: ప్రతి +1కి కాఠిన్యం 2, ప్రాణాంకాలు (విరిగేలోపు ఓర్చుకోగల దెబ్బ) 10 చొప్పున పెరుగుతాయి. కాబట్టి శత్రువు కత్తిని విరగ్గొట్టాలని చూసినప్పుడు కూడా ఈ అంకెనే చూడాలి. రెండోది మొత్తం బోనస్. ఫ్లేమింగ్ (మంట), కీన్ (పదును), హోలీ (పవిత్రత), స్పీడ్ (వేగం), వోర్పల్ (తల నరకడం) వంటి ప్రత్యేక శక్తులు ఒక్కొక్కటీ ఇన్ని బోనస్‌లతో సమానం అని పుస్తకం నిర్ణయించింది. ఫ్లేమింగ్, కీన్ ఒక్కొక్కటి +1తో సమానం, హోలీ +2తో, స్పీడ్ +3తో, వోర్పల్ +5తో సమానం. ఆయుధానికి ఉన్న ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్‌కు ఈ సమాన విలువలన్నీ కలిపితే వచ్చేదే మొత్తం బోనస్. అది +10 దాటకూడదు. పైగా, ఏ ప్రత్యేక శక్తి అయినా చేరాలంటే ఆయుధానికి కనీసం +1 ఎన్‌హాన్స్‌మెంట్ ముందుగా ఉండి తీరాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక లాంగ్‌సోర్డ్‌కు +1 ఎన్‌హాన్స్‌మెంట్ ఉంది, దానికి ఫ్లేమింగ్, ఫ్రాస్ట్ (చలి), షాక్ (విద్యుత్తు) అనే మూడు శక్తులూ ఉన్నాయి. వెల కట్టేటప్పుడు అది +4 ఆయుధం. కాని దాడి పాచికకు కలిసేది +1 మాత్రమే, కాఠిన్యం పెరిగేది 2 మాత్రమే. పాత్‌ఫైండర్‌లో అయితే ఈ తేడాకు మరింత బరువుంది. అక్కడ +3 ఎన్‌హాన్స్‌మెంట్ ఉన్న ఆయుధం, కోల్డ్ ఐరన్ అనే ప్రత్యేక ఇనుముకో వెండికో మాత్రమే లొంగే జీవుల రక్షణను ఛేదిస్తుంది. +4 అయితే అడమంటైన్ అనే అతి గట్టి లోహానికి లొంగే రక్షణను, +5 అయితే మంచి, చెడు వంటి స్వభావాలకు లొంగే రక్షణను ఛేదిస్తుంది. నాలుగు బోనస్‌ల డబ్బు పోసి కొన్న మన మూడు శక్తుల కత్తికి ఈ భాగ్యం ఏదీ లేదు, ఎందుకంటే ఇక్కడ చూసేది మొదటి అంకెనే గాని రెండోదాన్ని కాదు. ఈ సంగతి తెలియక కత్తి కొన్న ఆటగాడు అలాంటి రక్షణ ఉన్న గోలెమ్ అనే మంత్రబొమ్మ ఎదుట నిలబడి డంజన్ మాస్టర్‌తో వాదించడం న్యాయం కాదు. నియమం అస్పష్టంగా ఏమీ లేదు.

వెల కట్టే సూత్రం ఇది: మొత్తం బోనస్‌ను వర్గం చేసి 2,000తో గుణించాలి. +1కి 2,000, +2కి 8,000, +3కి 18,000, +4కి 32,000, +5కి 50,000 నాణేలు. చివరి మెట్టు అయిన +10కి 2,00,000. వీటికి కత్తి ధర, మాస్టర్‌వర్క్ ధర అదనం, కాబట్టి +1 లాంగ్‌సోర్డ్ ధర 2,315 నాణేలు. కవచాలకు కూడా ఇదే సూత్రం, కాకపోతే 2,000కు బదులు 1,000తో గుణించాలి.

మెరుగుపరచడానికి నియమం ఇంకా సులువు. కొత్త ఆయుధం వెలలోంచి పాత ఆయుధం వెల తీసేస్తే వచ్చేదే చెల్లించవలసిన మొత్తం. నియమ పుస్తకం ఇచ్చిన ఉదాహరణే చూడండి: +1 లాంగ్‌సోర్డ్‌ను +2 వోర్పల్ లాంగ్‌సోర్డ్‌గా మార్చాలంటే, రెండుకు ఐదు కలిపి మొత్తం +7, దాని వెల 98,000. అందులోంచి +1 వెల 2,000 తీసేస్తే 96,000 నాణేలు.

ఈ తేడాలను వరుసగా రాసుకుని చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. సున్నా నుంచి +1కి 2,000, +1 నుంచి +2కి 6,000, అక్కడి నుంచి +3కి 10,000, ఆపై 14,000, 18,000. అంటే ప్రతి మెట్టూ ముందు మెట్టు కన్నా 4,000 ఎక్కువ, +9 నుంచి +10కి ఎక్కే చివరి మెట్టు ఒక్కటే 38,000. దీనివల్ల ఒకే శక్తికి వేర్వేరు సమయాల్లో వేర్వేరు ఖర్చు అవుతున్నట్టు అనిపిస్తుంది. +1 కత్తికి ఫ్లేమింగ్ చేర్చడానికి 6,000 చాలు, +4 కత్తికి చేర్చాలంటే 18,000 కావాలి. ఇది చూసి, చవకగా ఉన్నప్పుడే శక్తులన్నీ కొనేసుకోవాలి, బోనస్ సంగతి తరువాత చూడవచ్చు అని సలహా ఇచ్చేవారిని నేను చాలామందిని విన్నాను. ఆ సలహాకు ఆధారం లేదు. ఫ్లేమింగ్ ముందు కొని బోనస్ తరువాత పెంచినా, బోనస్ ముందు పెంచి ఫ్లేమింగ్ తరువాత చేర్చినా, చివరికి చేతిలో ఉండేది ఒకే కత్తి, మొత్తం మీద ఖర్చయ్యేది ఒకే సొమ్ము. వరుస మారితే మారేది ఖర్చు కాదు, మధ్యలో గడిచే సాహసాల్లో మీ చేతిలో ఏ కత్తి ఉంటుంది అన్నదే.

అమ్మి కొత్తది కొనడం మంచిదా, ఉన్నదాన్ని మెరుగుపరచడం మంచిదా అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబు ఉంది. ఈ ఆటల్లో పాత వస్తువు అమ్మితే సగం ధరే వస్తుంది. 8,315 నాణేల +2 లాంగ్‌సోర్డ్ అమ్మితే 4,157 బంగారు నాణేలు, 5 వెండి నాణేలు వస్తాయి. +3 కత్తి 18,315 కాబట్టి జేబులోంచి ఇంకా 14,157 పైచిలుకు తీయాలి. అదే కత్తిని మెరుగుపరిస్తే 10,000తో పని అయిపోతుంది. మంత్రకారుడు అందుబాటులో ఉన్నంతకాలం అమ్మడానికి ఆర్థికంగా ఏ కారణమూ లేదు.

మరి ఆ మంత్రకారుడు ఎవరు? క్రాఫ్ట్ మ్యాజిక్ ఆర్మ్స్ అండ్ ఆర్మర్ అనే ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యం) ఉన్నవాడై ఉండాలి, దానికి కనీసం ఐదో క్యాస్టర్ లెవెల్ (మంత్రాలు వేసే శక్తి స్థాయి) కావాలి. 3.5లో ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్‌కు మూడు రెట్లు క్యాస్టర్ లెవెల్ ఉండాలన్న షరతు కూడా ఉంది. +3 కత్తికి తొమ్మిది, +5కి పదిహేను. ప్రత్యేక శక్తికి దాని సొంత షరతు ఉంటుంది: ఫ్లేమింగ్‌కు పదో క్యాస్టర్ లెవెల్‌తో పాటు ఫైర్‌బాల్, ఫ్లేమ్ స్ట్రైక్, ఫ్లేమ్ బ్లేడ్ మంత్రాల్లో ఏదో ఒకటి కావాలి. బోనస్, శక్తి రెండూ ఉన్న ఆయుధానికి ఈ రెండు షరతుల్లో పెద్దది వర్తిస్తుంది. తయారీకి పదార్థాల ఖర్చు వెలలో సగం, కాలం వెయ్యి నాణేల వెలకు ఒక రోజు చొప్పున. మెరుగుపరిచేటప్పుడు ఈ లెక్కలన్నీ తేడా సొమ్ము మీదే వేయాలి. కాబట్టి జట్టులోని విజర్డ్ (మాంత్రికుడు) మీ +1 కత్తికి ఫ్లేమింగ్ చేరుస్తానంటే, 3,000 నాణేల పదార్థాలు, ఆరు రోజుల పని, 3.5లో అయితే ఆ విజర్డ్ అనుభవాంకాల్లోంచి 240. వెలలో ఇరవై అయిదో వంతు అనుభవాంకాలు పోవడం 3.5లోని నియమం. పాత్‌ఫైండర్ దానిని తీసేసి, ఆ స్థానంలో నైపుణ్య పరీక్ష పెట్టింది. ఇది ఆ ఆట చేసిన మంచి మార్పుల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. మిత్రుడి కత్తికి పదును పెట్టినందుకు తన ఎదుగుదలనే కోల్పోవలసి వస్తే, జట్టులో ఆ పని చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఇక అసలు ప్రశ్న. 6,000 నాణేలు చేతిలో ఉన్నాయి, కత్తి +1. బోనస్‌ను +2 చేయాలా, ఫ్లేమింగ్ చేర్చాలా? దీన్ని అభిప్రాయాలకు వదిలేయకుండా లెక్క వేద్దాం. మన యోధుడు +1 లాంగ్‌సోర్డ్‌తో కొట్టినప్పుడు ఇరవై ముఖాల పాచికలో 11 గాని అంతకు మించి గాని పడితే దెబ్బ తగులుతుందనుకోండి, అంటే సగం అవకాశం. కత్తి పాచిక సగటు 4.5, భుజబలం వగైరా 6, కత్తి బోనస్ 1, మొత్తం 11.5. కత్తిని +2 చేస్తే 10 పడినా తగులుతుంది, అవకాశం 55 శాతానికి చేరుతుంది, దెబ్బ 12.5 అవుతుంది. ఒక్కో దాడికి సగటు 6.9 దాకా వస్తుంది. ఫ్లేమింగ్ చేర్చితే అవకాశం సగమే, కాని ఆరు ముఖాల పాచిక సగటు 3.5 కలిసి దెబ్బ 15 అవుతుంది, దాడికి సగటు 7.5. కాగితం మీద ఫ్లేమింగ్‌దే పైచేయి. కాని ఎదురుగా ఉన్నది ఎర్ర డ్రాగన్ అయితే, డెవిల్ అయితే, మంట దానిని తాకదు, అప్పుడు సగటు 5.75కు పడిపోతుంది. డీమన్‌లలో చాలా రకాలకు మంటను 10 వరకు తట్టుకునే శక్తి ఉంది. ఆరు ముఖాల పాచిక ఆరు దాటదు కాబట్టి అక్కడ కూడా ఫలితం శూన్యమే. పైగా క్రిటికల్ దెబ్బ, అంటే పాచిక బాగా పడి తీవ్రత రెట్టింపయ్యే దెబ్బ, పడినప్పుడు బోనస్ రెట్టింపవుతుంది, మంట పాచిక రెట్టింపు కాదు. కాబట్టి ఆ కథలో మీరు ఎవరితో పోరాడుతున్నారో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. బందిపోట్లు, ఓగర్‌లు, మృగాలు నిండిన కథలో ఫ్లేమింగ్ మంచిది. నరక ద్వారాలు తెరుచుకునే కథలో అయితే ఆ డబ్బు దాచుకుని, ఇంకో 10,000 చేరాక హోలీ శక్తిని చేర్చుకోవడం మేలు. దుష్టుల మీద రెండు ఆరు ముఖాల పాచికలు, సగటు 7, అదనంగా పడతాయి. +1 నుంచి మొత్తం +3కి వెళ్లడానికి అయ్యే ఖర్చు సరిగ్గా 16,000.

జట్టులో మంత్రకారుడు ఉంటే ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. గ్రేటర్ మ్యాజిక్ వెపన్ అనే మంత్రం, వేసినవారి ప్రతి నాలుగు క్యాస్టర్ లెవెల్‌లకు +1 చొప్పున, గరిష్ఠంగా +5 వరకు, ఆయుధానికి ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్ ఇస్తుంది. లెవెల్‌కు ఒక గంట చొప్పున ఉంటుంది. పన్నెండో లెవెల్ క్లెరిక్ (పూజారి) ఉదయాన్నే వేస్తే +3 బోనస్ పన్నెండు గంటలు నిలుస్తుంది. ఎన్‌హాన్స్‌మెంట్ బోనస్‌లు ఒకదానిపై ఒకటి చేరవు కాబట్టి, సొంతంగా +3 ఉన్న కత్తికి ఆ మంత్రం వల్ల ఒరిగేది ఏమీ లేదు. అదే +1 మాత్రమే ఉండి మిగతా సొమ్మంతా ప్రత్యేక శక్తుల మీద పెట్టిన కత్తి అయితే, ఆ మంత్రంతో శక్తులూ ఉంటాయి, +3 కూడా ఉంటుంది. అనుభవజ్ఞులు +1 దగ్గర ఆగి శక్తులు కొనుక్కోండని చెప్పేది ఈ కారణంతోనే. ఆ మాటలో నిజం ఉంది, కాని అది రోజూ ఆ మంత్రం వేసే మిత్రుడు ఉన్నప్పుడే నిజం. పాత్‌ఫైండర్‌లో ఇంకో మినహాయింపు ఉంది: ఆ మంత్రం ఇచ్చిన బోనస్‌తో, ఇందాక చెప్పిన కోల్డ్ ఐరన్, వెండి, అడమంటైన్ రక్షణలను ఛేదించలేరు. అందుకు కత్తికే సొంతంగా ఆ బోనస్ ఉండాలి.

చిన్న నియమాలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. బాణాలు యాభై కలిపి ఒక ఆయుధం ధరకు వస్తాయి. వింటికీ బాణానికీ ఎన్‌హాన్స్‌మెంట్ ఉంటే పెద్దదే పనిచేస్తుంది, కాని వింటికి ఉన్న ఫ్లేమింగ్ బాణానికీ అందుతుంది. రెండు కొనలు ఉన్న ఆయుధాలకు ఏ కొన ఖర్చు ఆ కొనకే. కోల్డ్ ఐరన్ ఆయుధానికి మంత్రశక్తి చేర్చడానికి అదనంగా 2,000 అవుతుంది, అది మొదటిసారి మాత్రమే అని పాత్‌ఫైండర్ స్పష్టం చేసింది. కీన్ శక్తి కోసే, పొడిచే ఆయుధాలకే గాని గదకు రాదు. కీన్ లాగే క్రిటికల్ దెబ్బ అవకాశాన్ని పెంచే ఇంప్రూవ్డ్ క్రిటికల్ ఫీట్ ఉన్నవారికి కీన్ వల్ల అదనపు లాభం ఉండదు.

కత్తి మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది కూడా అడుగుతుంటారు. 3.5లో పదో లెవెల్ పాత్రకు ఉండవలసిన ఆస్తి మొత్తం 49,000 నాణేలు. అందులో మొత్తం +3 ఆయుధానికి 18,000 పెడితే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. యోధుడికి అది సబబే, అంతకు మించితే కవచానికి కొరత పడుతుంది. అయిదో లెవెల్‌లో ఆస్తి 9,000 మాత్రమే కాబట్టి అప్పటికి +1తో తృప్తిపడాలి. ఎక్కడ దొరుకుతుందన్నదీ చూడాలి. 3.5లో ఊరి పెద్దతనాన్ని బట్టి అమ్మకానికి ఉండే వస్తువుల ధరకు హద్దు ఉంటుంది: పెద్ద పట్టణంలో 3,000, చిన్న నగరంలో 15,000, పెద్ద నగరంలో 40,000. +1 లాంగ్‌సోర్డ్ పెద్ద పట్టణంలో దొరుకుతుంది, +2 కోసం చిన్న నగరానికి, +3 కోసం పెద్ద నగరానికి వెళ్లాలి. కథను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిపించడానికి డంజన్ మాస్టర్‌కు ఇంతకన్నా సహజమైన కారణం దొరకదు.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, నేను చెబుతూ వచ్చిన రెండు అంకెలనూ విడదీసేసింది. అక్కడ ఆయుధం మీద రూన్‌లు (మంత్రాక్షరాలు) చెక్కుతారు. పొటెన్సీ రూన్ దాడి పాచికకు +1, +2, +3 ఇస్తుంది, స్ట్రైకింగ్ రూన్ దెబ్బ పాచికల సంఖ్య పెంచుతుంది, ప్రాపర్టీ రూన్‌లు మంట వంటి శక్తులు ఇస్తాయి. పొటెన్సీ ఎంత ఉంటే అన్ని ప్రాపర్టీ రూన్‌లే పడతాయి. పొటెన్సీ ధరలు 35, 935, 8,935. ఈ అంకెలు వింతగా అనిపించవచ్చు, కాని 65 నాణేల స్ట్రైకింగ్‌తో కలిపితే మొదటిది 100, రెండోది 1,000 అవుతాయి. 1,065 నాణేల గ్రేటర్ స్ట్రైకింగ్‌తో కలిపితే మూడోది 10,000 అవుతుంది. పెంచుకునేటప్పుడు ఇక్కడ కూడా తేడా చెల్లిస్తే చాలు. ఈ ఎడిషన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది రూన్ బదిలీ: రూన్ ధరలో పదో వంతు ఖర్చుతో, ఒక రోజు పనితో, దానిని ఒక ఆయుధం నుంచి ఇంకో ఆయుధానికి మార్చవచ్చు. నిధిలో గొడ్డలి దొరికిందని కత్తివీరుడు నిరాశపడనక్కరలేదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ఆడే డంజన్ మాస్టర్‌లు ఈ నియమాన్ని తమ ఆటలోకి తెచ్చుకోవాలని అనుకుంటారు. ఎందుకంటే 2014 నాటి ఆ ఎడిషన్‌లో ఇలాంటి ధరల పట్టిక లేదు, ఆయుధాలకు అరుదుతనం మాత్రమే ఉంది: +1 అన్‌కామన్, +2 రేర్, +3 వెరీ రేర్. 2,000తో గుణించే సూత్రాన్ని అక్కడికి మోసుకెళ్లవద్దని నా మనవి. ఆ ఆటలో బోనస్‌లు కావాలనే చిన్నవిగా ఉంచారు, +3తోనే గరిష్ఠం, కాబట్టి +10 దాకా సాగే మెట్లకు అక్కడ చోటు లేదు. తీసుకోవలసింది తేడా చెల్లించే పద్ధతి ఒక్కటే. ఆ ఎడిషన్ అన్‌కామన్ వస్తువులకు 101 నుంచి 500 వరకు, రేర్ వస్తువులకు 501 నుంచి 5,000 వరకు ధరల హద్దులు సూచించింది. ఆ హద్దుల్లో మీ లోకంలో +1 కత్తికి 400, +2 కత్తికి 3,000 అని ముందే నిర్ణయించి ఆటగాళ్లకు చెప్పండి. కత్తి పట్టుకుని వచ్చినవారి దగ్గర 2,600 తీసుకుని, ఆ పని చేయగల కమ్మరి ఏ ఊళ్లో ఉన్నాడో వారికి చూపించండి.